58 కిలోల వాడు 85 కిలోల వాణ్ని పడగొట్టగలడా? బరువు ముఖ్యమా, టెక్నిక్ ముఖ్యమా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంటర్ సెకండియర్, బరువు 58 కిలోలు, ఏడాదిగా జూడో నేర్చుకుంటున్నాడు. టెక్నిక్ వస్తే బరువుతో పనిలేదని వాళ్ల సార్ అంటారట. క్లాసులో మాత్రం తనలాగే ఏడాదిగా నేర్చుకుంటున్న 85 కిలోల అబ్బాయి చేతిలో రోజూ నలిగిపోతున్నాడు. అసలు ఏది ముఖ్యం, తాను బరువు పెరగాలా అని ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. నైపుణ్యంలో తేడా బాగా ఉంటే నైపుణ్యమే గెలుస్తుంది. నైపుణ్యం దగ్గరదగ్గరగా ఉంటే బరువు గెలుస్తుంది. ఆ అబ్బాయి కూడా నీలాగే ఏడాది నుంచి నేర్చుకుంటున్నాడని నీ ప్రశ్నలోనే ఉంది. అలాంటప్పుడు అతను నిన్ను పడేయడంలో వింతేమీ లేదు. ఒలింపిక్ జూడోలో 60, 66, 73, 81, 90 అని కేటగిరీలు పోతాయి. నువ్వు మొదటి దాంట్లో, అతను ఐదో దాంట్లో. పోటీల్లో మీ ఇద్దరినీ అసలు ఎదురెదురు నిలబెట్టరు. క్లాసులో నిలబెడుతున్నారు కాబట్టి నీకు టెన్షన్.

నేను చిన్నప్పుడు నిజామాబాద్ వైపు మట్టికుస్తీ పట్టినవాణ్ని. తర్వాత జూడోకి మారాను, ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకు నేర్పుతున్నాను. బాక్సింగ్ నా ఆట కాదు, దాని గురించి చెప్పేది చూసి తెలుసుకున్నది మాత్రమే.

మా హాలుకి జిమ్ కుర్రాళ్లు అప్పుడప్పుడూ వస్తుంటారు. ఒకతను వచ్చాడు, 95 కిలోలు, మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియని ఒళ్లు. మా దగ్గర 60 కిలోల్లో ఆడే పిల్లాడు ఉన్నాడు, అప్పటికే నాలుగైదేళ్ల సాధన. ఇద్దరినీ కలిపాను. జిమ్ అబ్బాయి వీడి కాలర్ పట్టుకుని రెండు చేతులూ కర్రల్లా బిగబట్టి ముందుకు తోశాడు. కొత్తవాళ్లంతా అదే చేస్తారు. మావాడు ఆ తోపుకి ఎదురు నిలవలేదు. అరడుగు వెనక్కి వేసి, గిరుక్కున తిరిగి, మోకాళ్లు మడిచి అతని నడుము కిందికి దూరాడు. సెయోనగే, అంటే ఎదుటివాణ్ని వీపు మీదుగా విసిరే త్రో. 95 కిలోలూ గాల్లో తిరిగి వీపు మీద పడ్డాయి. లేచాడు, మళ్లీ పడ్డాడు. ఐదు నిమిషాలకి నోరు తెరిచి రొప్పుతూ గోడకి ఆనుకున్నాడు. చూస్తున్న పిల్లలంతా బరువు దండగ అని తేల్చేసుకున్నారు.

ఇలాంటి వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి. మా హాల్లో ఆగలేదు, ఎందుకంటే అతను మానేయలేదు. ఏడాది తిరక్కుండా అదే జోడీలో కథ మారిపోయింది. అతనేమీ ఉస్తాద్ అయిపోలేదు. రెండంటే రెండు నేర్చుకున్నాడు: చేతులు వదులుగా ఉంచి పట్టు పట్టడం, ఎదుటివాడు కిందికి దూరబోగానే నడుము దించి బరువంతా అక్కడే కుదేయడం. ఆ రెంటితోనే మావాడి సెయోనగే ఆగిపోయింది. ఆపైన కుడిచేయి మెడ మీదుగా వేసి వీపు దగ్గర జాకెట్ దొరకబుచ్చుకున్నాడంటే మావాడి తల వంగిపోయేది, అడుగు పడేది కాదు. మావాడి ఆట ఆ ఏడాదిలో ఏమీ తగ్గలేదు, ఇంకా మెరుగైంది కూడా.

బరువైనవాడికి కొంచెం నైపుణ్యం చాలు, తేలికైనవాడికి చాలా కావాలి. ఇదే అసలు విషయం. నువ్వు ఐదేళ్లు చెమటోడ్చి సంపాదించిన ఆధిక్యాన్ని అతను ఏడాదిలో సగానికి సగం తినేస్తాడు. మీ సార్ చెప్పింది అబద్ధం కాదు, సగం మాట. టెక్నిక్ బరువుని ఓడిస్తుంది, ఎదుటివాడికి ఆ టెక్నిక్ తెలియనంత కాలం.

ఇందులో కొంచెం లెక్క కూడా ఉంది. మనిషి పెద్దవాడయ్యే కొద్దీ బరువు పెరిగినంతగా బలం పెరగదు. కండ బలం దాని మందాన్ని బట్టి ఉంటుంది, బరువేమో మొత్తం ఒంటి పరిమాణాన్ని బట్టి. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో నయీమ్ సులేమానోగ్లూ 60 కిలోల కేటగిరీలో 190 కిలోలు క్లీన్ అండ్ జెర్క్ (బార్‌ని ముందు భుజాల దాకా, అక్కణ్నుంచి తలపైకి లేపడం) చేశాడు, అంటే తన బరువుకి మూడు రెట్ల పైమాటే. 2021లో జార్జియా లిఫ్టర్ లాషా తలఖడ్జే 267 కిలోలు ఎత్తాడు. అతని ఒంటి బరువు 180 దాటి ఉంటుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్ల దగ్గరే. కిలోకి కిలో లెక్కేస్తే చిన్నవాడే బలవంతుడు. వేగం, దమ్ము కూడా చిన్నవాడికే ఎక్కువ ఉండటానికి ఇదో కారణం. కానీ మ్యాట్ మీద నువ్వు ఎత్తాల్సింది నీ బరువుని కాదు కదా, ఎదుటివాడి బరువుని. అక్కడ రెట్లు పనికిరావు, 267కీ 190కీ ఉన్న తేడాయే పనికొస్తుంది.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ చూపించే పేరు రాయిస్ గ్రేసీ. 1993 నవంబర్ 12న అమెరికాలో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (ఏ విద్యవాడైనా దిగగలిగే పోరాట పోటీ) 80 కిలోల ఈ బ్రెజిల్ కుర్రాడు ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. మరుసటి ఏడాది నాలుగో యూఎఫ్‌సీ ఫైనల్లో 118 కిలోల రెజ్లర్ డాన్ సెవెర్న్ అతన్ని కింద పడేసి, దాదాపు పదహారు నిమిషాల పాటు మీద కూర్చున్నాడు. చివరికి గ్రేసీ కింద నుంచే కాళ్లతో మెడ బిగించి ట్రయాంగిల్ చోక్ వేశాడు. ఆ ఫైట్ ఎంతకీ తెమలక టీవీ ప్రసారం గడువు అయిపోయి, డబ్బు కట్టి చూస్తున్న చాలామంది ముగింపు చూడలేకపోయారు.

ఈ కథ చెప్పేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తారు. అప్పుడు రౌండ్లు లేవు, కాబట్టి చిన్నవాడు ఓపిక పట్టి పెద్దవాణ్ని అలవనిచ్చే వీలుంది. రెండోది, సెవెర్న్ కుస్తీలో దిట్టే గానీ కాళ్లతో మెడ బిగించే పట్టు అతను ఎదుర్కొన్నది కాదు. ఆ పట్టు నాలుగేళ్లలో అందరికీ తెలిసిపోయింది. 1997లో పన్నెండో యూఎఫ్‌సీ నుంచి బరువు కేటగిరీలు పెట్టారు.

నాకు గ్రేసీ కంటే కోగా తోషిహికో కథ ఎక్కువ చెబుతుంది. జపాన్‌లో ఏటా జరిగే ఆల్ జపాన్ జూడో పోటీలో బరువు కేటగిరీలే ఉండవు. ఎవరైనా ఎవరితోనైనా తలపడాల్సిందే. కోగా 1989లో 71 కిలోల ప్రపంచ చాంపియన్. 1990లో 75 కిలోల ఒంటితో ఈ పోటీకి వచ్చి, తనకంటే ఎంతో భారీ మనుషులను దాటుకుంటూ ఫైనల్ దాకా వెళ్లాడు. ఫైనల్లో ఎదురైంది నవోయా ఒగావా, 130 కిలోల దరిదాపు, అతనూ ప్రపంచ చాంపియనే. కోగా ఓడిపోయాడు. అతని సెయోనగేని మించిన సెయోనగే జూడో చరిత్రలో లేదని చాలామంది అంటారు, నేనూ అంటాను. అంత ఉన్నవాడికి మిగతావాళ్లందరినీ దాటే సత్తా ఉంది, తనంత ఆట తెలిసిన భారీ మనిషి ఒక్కడిని దాటే సత్తా లేకపోయింది. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ఎవరూ చేయలేరు.

పూర్తి న్యాయంగా ఉండాలంటే ఇంకో మాట చెప్పాలి. 80 కిలోల ఇసావో ఒకానో అదే పోటీని 1967లో, 1969లో గెలిచాడు. అసాధ్యం కాదు. కానీ ఒకానో 1964 ఒలింపిక్ స్వర్ణ విజేత. నువ్వూ నేనూ ఆ లెక్కలో వేసుకోకూడదు.

ఆ 1964 టోక్యో ఒలింపిక్స్‌లోనే బరువు పరిమితి లేని ఓపెన్ కేటగిరీలో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ గీసింక్ జపాన్ ఆటగాడు కమినాగాని కింద అదిమిపట్టి స్వర్ణం గెలిచాడు. చిన్నవాడు పెద్దవాణ్ని గెలవడమే జూడో అని నమ్మిన దేశంలో, సొంత జనం ముందు అది పెద్ద దెబ్బ. బరువు టెక్నిక్‌ని గెలిచిందని అప్పట్నుంచీ చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. గీసింక్ ఏళ్ల తరబడి జపాన్ వెళ్లి అక్కడి మ్యాట్ల మీదే నలిగినవాడు. ఆరున్నర అడుగుల మనిషికి జపాన్ వాళ్లంత టెక్నిక్ కూడా వస్తే ఏమవుతుందో చూపించాడు, అంతే.

బాక్సింగ్‌లో పరిస్థితి కొంచెం వేరు, అక్కడ పట్టుకుని ఆపే వీలు తక్కువ. 2009లో జర్మనీలో డేవిడ్ హే, నికొలాయ్ వాల్యుయెవ్‌తో ఆడాడు. హే 98 కిలోలు, వాల్యుయెవ్ 143, ఎత్తు ఏడడుగులు. నువ్వూ నీ 85 కిలోల మిత్రుడూ లెక్క వేసుకుంటే దాదాపు ఇదే నిష్పత్తి. హే పన్నెండు రౌండ్లూ రింగ్ చుట్టూ తిరుగుతూ, వచ్చి కొట్టి పోతూ, పాయింట్ల మీద గెలిచాడు. చూడటానికి బోరు ఫైట్. కానీ అతనికి కదిలే చోటుంది, వాల్యుయెవ్ నిదానం. 2024లో ఉసిక్ కూడా తనకంటే దాదాపు 25 కిలోలు ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని డిసెంబర్ ఫైట్‌లో ఓడించాడు, మేలో ఒకసారి ఓడించింది కాక. అయితే ఉసిక్ వంద కిలోలు దాటిన మనిషని మర్చిపోకూడదు. వంద మీద పాతిక కిలోల తేడా వేరు, 58 మీద 27 కిలోల తేడా వేరు. కిలోలు కాదు, శాతం చూసుకో.

బరువు ఎంత పనిచేస్తుందనేది ఆట నియమాలు తేలుస్తాయి. మా జూడోనే చూడు. ఒకప్పుడు చిన్నవాళ్లు భారీవాళ్ల కాళ్లు అందుకుని పడేసేవాళ్లు. పైన చేతులు కలపాల్సిన పనే ఉండేది కాదు. 2010లో నేరుగా కాళ్లు పట్టడాన్ని కట్టడి చేశారు, 2013 నుంచి పూర్తిగా నిషేధించారు. చిన్నవాడి చేతిలోంచి మంచి ఆయుధాన్ని లాగేసుకున్నారన్నది నా అభిప్రాయం. ఆట అందంగా మారిందనేవాళ్లూ ఉన్నారు, ఉండనీ. కుస్తీలో కాళ్లు పట్టడం ఇంకా ఉంది కాబట్టి అక్కడ చిన్నవాడికి దారి కొంచెం వెడల్పు.

జపాన్ ప్రొఫెషనల్ సుమోలో బరువు కేటగిరీలే లేవు. వంద కిలోలు కూడా లేని మైనొఉమి 280 దాటిన కొనిషికీని ఓడించాడు. వలయం బయట కాలు పెట్టినా ఓటమే అనే నియమం అతనికి కలిసొచ్చింది. భారీ మనిషి ఊపుగా వస్తే పక్కకి తప్పుకుంటే సగం పని అయిపోతుంది. కానీ 1996లో కొనిషికీతో జరిగిన బౌట్‌లోనే మైనొఉమి మోకాలు దెబ్బతింది. ఈ ముక్క గుర్తుపెట్టుకో, కింద మళ్లీ దీనితో పనుంది.

మా ఊళ్ల వైపు దంగల్ సంగతి ఇంకో రకం. హోలీకి, ఉగాదికి, జాతరలకి కుస్తీలు పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతాయి, వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. తూకం యంత్రం ఉండదు. పహిల్వాన్ చెయ్యెత్తి గోదా చుట్టూ తిరుగుతాడు, తగినవాడు వచ్చి చెయ్యి కలుపుతాడు, పెద్దమనుషులు ఇద్దరినీ ఎగాదిగా చూసి సరే అంటారు. జోడీ కుదరకపోతే జనమే అరిచి చెడగొడతారు. స్కేలు లేకపోయినా బరువుని లెక్కలోకి తీసుకోని కుస్తీ నేను చూడలేదు. (బోధన్ వైపు హున్సాలో హోలీ నాటి పిడిగుద్దులాట ఒకటి ఉంది, తాడుకి అటూ ఇటూ నిలబడి గుద్దుకోవడమే. దాన్ని ఈ చర్చలోకి లాగొద్దు, అక్కడ బరువూ లేదు టెక్నికూ లేదు.)

గామా పహిల్వాన్ పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. 1910లో లండన్‌లో తనకంటే బరువైన పోలండ్ పహిల్వాన్ జ్బిష్కోతో రెండున్నర గంటలు పట్టాడు. జ్బిష్కో బోర్లా పడుకుని నేలకి అతుక్కుపోయాడు, గామా తిప్పలేకపోయాడు, కుస్తీ తేలలేదు. 1928లో పటియాలాలో మళ్లీ తలపడితే నిమిషం కూడా పట్టలేదు, జ్బిష్కో చిత్. బరువైనవాడు ఓడిపోకుండా ఉండాలని నిర్ణయించుకుంటే గామా అంతటివాడికీ కష్టమేనని మొదటి కుస్తీ చెబుతుంది.

పైస్థాయి ఆటగాళ్లు బరువుని నమ్ముతారా లేదా అన్నది వాళ్ల మాటల్లో కాదు, తూకం దగ్గర తెలుస్తుంది. టెక్నికే చాలనుకుంటే ఎవరూ ఒంట్లో నీళ్లు పిండుకుని కింది కేటగిరీలోకి దిగరు. వినేశ్ ఫోగట్ మామూలుగా 53 కిలోల్లో ఆడేది. ఆ చోటు వేరే అమ్మాయికి దక్కడంతో పారిస్ ఒలింపిక్స్‌లో 50కి దిగింది. తొలి బౌట్‌లోనే జపాన్ అమ్మాయి సుసాకి లాంటి చాంపియన్‌ని ఓడించి ఫైనల్ చేరింది. మర్నాడు పొద్దున తూకంలో వంద గ్రాములు ఎక్కువొచ్చి అంతా పోయింది. మన నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్. పారిస్‌లో 52 లేదు, ఉన్నవి 50, 54. ఆమె కిందికే దిగింది, 2023లో 50లోనూ ప్రపంచ టైటిల్ కొట్టింది. రెండు కిలోలు పైకి పోవడం కంటే రెండు కిలోలు కిందికి రావడమే మేలనుకుంది ఒక ప్రపంచ చాంపియన్. దాన్నిబట్టి 27 కిలోల సంగతి ఆలోచించుకో.

తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల పోటీల్లో ముందు మీసాలు వచ్చినవాడిదే రాజ్యం. వాడు టెక్నిక్ లేకుండానే మెడ పట్టి వంచి గెలిచేస్తాడు, ఇంట్లో కప్పులు పేరుకుంటాయి. పదిహేడో ఏట మిగతావాళ్లు ఒంట్లో వాడిని అందుకునేసరికి వాడి దగ్గర ఒక్క పట్టూ ఉండదు, ఆట మానేస్తాడు. అప్పటిదాకా ఓడుతూ నేర్చుకున్న బక్కపిల్లాడే నిలబడతాడు. ఇలాంటివాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. మీ పిల్లాడు భారీగా ఉంటే వాడికి ముందుగా నేర్పాల్సింది బలం వాడకుండా ఆడటం.

ఇక తమ్ముడూ, నీ సంగతి.

బరువు పెరగాలా? 85 కోసం కాదు. నీది 60 కిలోల కేటగిరీ, 58 ఒంటి బరువుతో హాయిగా ఆడొచ్చు. తూకం కోసం అన్నం మానేసే అవసరం లేని మంచి చోట ఉన్నావు. ఇంకా ఎదిగే వయసు, తిను, పెరిగితే 66కి వెళ్లు. ప్రొటీన్ డబ్బాల కంటే ముందు తాడు ఎక్కడం, పుల్-అప్స్, స్క్వాట్స్ మీద పడు. జూడోలో చిన్నవాడు మొదట ఓడేది పట్టు దగ్గరే. వేళ్లు, ముంజేతులు గట్టిపడితే సగం నలుగుడు తగ్గుతుంది.

భారీవాడితో ఏం ఆడాలి? ఒసోటో గారి (ఎదుటివాడి కాలిని బయటి వైపు నుంచి ఊడ్చి వెనక్కి పడేసే త్రో) జోలికి పోకు. అతని కాలు కదలకపోతే నువ్వే వెనక్కి పడతావు, పైన 85 కిలోలతో సహా. ఇప్పొన్ సెయోనగే (ఒంటిచేత్తో అతని చెయ్యి బిగించి వేసే సెయోనగే), కౌచీ గారి (అతని పాదాన్ని లోపలి వైపు నుంచి ఊడ్చే త్రో), ఈ రెంటినీ జతగా సాధన చెయ్యి: కౌచీతో అతని బరువు మడమల మీదికి పంపు, తట్టుకోవడానికి ముందుకి తూగగానే కిందికి దూరు. అన్నిటికంటే ముందు, అతని చెయ్యి నీ వీపు మీద పడకుండా చూసుకో. పడిందా, ఇంకేమీ ఆలోచించకుండా తల బయటికి తీసి పట్టు విడిపించుకోవడమే పని. నిలబడి ఎదురు తొయ్యకు, పక్కకి తిరుగుతూ ఉండు. కింద పడ్డాక అతన్ని అదిమిపట్టాలని చూడకు, నీ 58 కిలోలు అతనికి దుప్పటి బరువు కూడా కాదు. వీపెక్కి మెడకి చోక్ వెయ్యి. మనిషి ఎంత భారీ అయినా మెడలో రక్తనాళాలకి కండ రక్షణ అంతగా ఉండదు.

ఎంతసేపు ఆడాలి? ఇది మీ సార్ చూసుకోవాల్సిన విషయం, కానీ నువ్వూ నోరు విప్పాలి. మైనొఉమి మోకాలు ఇందుకే చెప్పాను. ఇంత బరువు తేడాలో ప్రమాదం వేసిన త్రో వల్ల కంటే, సగంలో ఆగిపోయిన త్రో వల్ల ఎక్కువ. మధ్యలో ఇద్దరూ తడబడి భారీవాడు నీ కాలి మీద కూలబడితే మోకాలి లిగమెంట్ పోతుంది, ఆ తర్వాత ఏడాది ఆట ఉండదు. అదిమిపట్టినప్పుడు ఊపిరి అందకపోతే వెంటనే ట్యాప్ చెయ్యి (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకో), పరువు ప్రశ్న అనుకోకు. అతనితో వారంలో ఒకటి రెండు రౌండ్లు చాలు, అవి కూడా అతను సగం బలంతో ఆడే ఒప్పందం మీద. అలా ఆడటం అతనికీ మంచిదే, పైన చెప్పాను కదా.

మిగతా రాండోరి (క్లాసులో ఆడే ఫ్రీ ప్రాక్టీస్ బౌట్లు) అంతా నీ బరువుకి అటూ ఇటూ ఉన్నవాళ్లతో ఉండాలి. నువ్వు ఎంత ఎదిగావో తెలిసేది వాళ్లతోనే. క్లాసులో అలాంటివాళ్లు లేకపోతే ఆదివారాలు వేరే క్లబ్బుకి వెళ్లి ఆడొస్తానని మీ సార్‌ని అడుగు. చాలామంది కోచ్‌లు ఫోన్ చేసి వాళ్లే మాట్లాడి పెడతారు. నీ ఊరు ఏదో కింద రాస్తే దగ్గర్లో 60, 66 కిలోల పిల్లలు ఎక్కువున్న చోటు ఏదో నాకు తెలిసినంతలో చెబుతాను.